కారవాన్‌లో తోడేసిన పాలు

రాజారావుకి అన్యాయం చేసినవాళ్ళు ఈ లోకంలో చాలామందే ఉన్నారు గానీ, అందరినీ వరసలో నిలబెడితే మొదట నిలబడేవాడు హేమచంద్ర. సిడ్నీ శివారు ద పాండ్స్‌లో రెండంతస్తుల ఇల్లు, వంతెనలు కట్టే ఇంజినీరు ఉద్యోగం, నవ్వితే వీధి చివరికి వినబడే గొంతు, ఇన్ని ఇచ్చిన దేవుడు అతగాడి నోటికి మూత మాత్రం ఇవ్వడం మరిచిపోయాడు.

ఏటా ఈస్టర్ సెలవులకి సిడ్నీ తెలుగు కుటుంబాలు ఓ పది దాకా కలిసి సౌత్ కోస్ట్‌లో సముద్రం ఒడ్డునున్న ఒక కారవాన్ పార్కుకి పోతాయి. మిగతావాళ్ళు క్యాబిన్లు తీసుకుంటారు. రాజారావుది సొంత కారవాన్, కారుకి తగిలించి లాక్కుపోయే చక్రాల ఇల్లు. పాతదే, కానీ సొంతం. కిందటేడు ఆయన భార్య శ్యామసుందరి ఇంటి దగ్గర పాలు తోడేసి, ఆ గిన్నె కారవాన్‌లో పెట్టుకుని వచ్చింది. భోజనాల దగ్గర మూత తీస్తే మజ్జిగ. హేమచంద్ర గ్లాసు నింపుకుని, "మా బావగారి బండికి ఉన్నవి చక్రాలు కావమ్మా, కవ్వాలు" అన్నాడు. ఆ మాట వాట్సాప్ గ్రూపులో పడి, బ్రిస్బేన్ సన్నీబ్యాంక్‌లో ఉండే శ్యామసుందరి పిన్ని దాకా పోయింది. ఆవిడ పనిగట్టుకుని ఫోన్ చేసి, వెన్న ఎంత వచ్చిందని అడిగింది.

అంతటితో పోతే బాగుండేది. ఈ ఏడు హేమచంద్ర కూడా కారవాన్ కొన్నాడు. సరికొత్తది. దాన్ని నిలబెట్టడానికి అతని కన్ను ఇరవై మూడో నెంబరు సైటు మీద పడింది.

ఆ సైటు రాజారావుది. పార్కువాళ్ళ పద్ధతి ప్రకారం కిందటేడు ఎవరు దిగారో ఈ ఏడు కూడా ముందు వాళ్ళనే అడుగుతారు. ఎదురుగా సముద్రం, పక్కనే కుళాయి, పొద్దున్నే చెట్ల నీడ. ఆ నీడలో రాజారావు కారవాన్ పరదాని పందిరిలా దించి టీకి స్టవ్వు వెలిగిస్తే, డాక్టర్లూ ప్రొఫెసర్లూ నిక్కర్లు వేసుకుని కప్పులు పట్టుకుని వచ్చి, "రాజారావు గారూ, అల్లం ఇంకాస్త తగలనివ్వండి" అని నిలబడతారు. సిడ్నీలో ఆయన గోడౌనులో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాడు. పెండిల్ హిల్‌లో అద్దె ఫ్లాటు. నలుగురొస్తే అయిదోవాడు బాత్రూములో కూచోవాలి. వాళ్ళ ఇళ్ళకి ఈయన చుట్టం. ఈయన గడపలోకి వాళ్ళు వచ్చేది ఏడాదికి ఆ ఒక్క వారమే.

ఫిబ్రవరిలో హేమచంద్ర ఇంటి వెనక బార్బెక్యూ పొయ్యి దగ్గర మాట కదిలింది.

"బావగారూ, ఈసారి పెరుగు తెస్తారా, మజ్జిగ తెస్తారా?"

"పెరుగే. గరిటె గుచ్చితే నిలబడుద్ది."

"నిలబడకపోతే?"

"మీరేమంటే అది."

"అయితే వచ్చే ఏడు నుంచి ఇరవై మూడో నెంబరు నాకొదిలెయ్యండి. నిలబడిందా, ఈ జన్మలో మీ బండిని పల్లెత్తు మాటనను. డీల్?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. పదిమంది నవ్వుతుంటే సరే అనేయడం రాజారావుకి చిన్నప్పటి జబ్బు. బడి మానేసింది కూడా అలాగే. 'ఏరా, మానేస్తావా' అని మాస్టారు నవ్వితే, సరేనండి అని సంచీ తీసుకుని వచ్చేశాడు.

"డీల్" అన్నాడు.

ఇంటి దగ్గర కారు దిగాక శ్యామసుందరి, "మన పేరుమీద ఉన్న నేల అదొక్కటేనండీ, అదీ వారం రోజులు" అంది.

రాజారావు షాక్ అబ్జార్బర్లు తెప్పించాడు. ఆ కారవాన్‌కి కింద కమాను పట్టీలు తప్ప మరేమీ లేవు. గుంటలో పడితే లేవడం, లేస్తే ఊగడం, ఊగితే ఆగకపోవడం. షాకులు వేస్తే ఆ ఊగుడు చస్తుంది. పని మొదలెట్టే ముందు శ్యామసుందరి కారవాన్ మొత్తం ఖాళీ చేసి కడిగింది. పసుపు రాసి బొట్టు పెట్టింది. అది వాళ్ళింటి పద్ధతి. ఖాళీ బండి పువ్వులా పైకి లేచి నిలబడింది. రాజారావు కిందికి దూరి, పైన చాసిస్‌కీ కింద ఇరుసుకీ మధ్య టేపు పెట్టాడు.

యూనివర్సిటీలో చదివే కూతురు తన్మయి పక్కన కూచుని ఫోన్‌లో చూస్తోంది. "నాన్నా, మెజర్ చేసేటప్పుడు ఫుల్ లోడ్ ఉండాలంట."

"ఏముంది లోడు, నాలుగు దుప్పట్లు."

"ఐ యామ్ జస్ట్ సేయింగ్."

"నువ్వు ఆ స్పానర్ ఇలా ఇయ్యి."

ఆ కొలతకే బ్రాకెట్లు బిగించి, వెనకాల నిలబడి కారవాన్‌ని రెండు చేతులా ఊపి చూశాడు. ఒక్కసారి కదిలి ఆగిపోయింది. రాజారావు ముఖంలో ఆ వెలుగు పెళ్ళినాడు కూడా లేదని శ్యామసుందరి తరవాత చెప్పింది.

బయల్దేరే ముందురోజు ఆవిడ సామాను ఎక్కించింది. సోనామసూరి బస్తా, రాతి గ్రైండర్, పెద్ద కుక్కర్లు, ఆవకాయ జాడీలు, టీకి వచ్చేవాళ్ళ కోసం మడత కుర్చీలు. అందరికీ పెట్టే చెయ్యి ఆవిడది. కారవాన్ నెమ్మదిగా, గర్భిణిలా కిందికి దిగింది. రాజారావు చూశాడు. నిండుగా ఉందనుకున్నాడు.

తెల్లవారగానే పాలు తోడేసి, గిన్నెకి తువ్వాలు చుట్టి, సింకులో దిండ్ల మధ్య కూచోబెట్టారు. హైవే మీద కారవాన్ కడుపులో చల్ల కదలకుండా నడిచింది. దారిలో ఆగినప్పుడు శ్యామసుందరి మూత కొంచెం ఎత్తి, "తోడుకుంటోందండీ" అంది గుసగుసగా, నిద్రపోతున్న పిల్లని లేపకూడదన్నట్టు.

పార్కుకి ముందు మట్టిరోడ్డు ఉంది, అలలు అలలుగా. అక్కడ మొదలైంది చప్పుడు. ఊగడం కాదు, గుద్దడం. ప్రతి గట్టుకీ ఎవరో కింద నుంచి రోకలితో పొడిచినట్టు. రాజారావు నెమ్మదించాడు. ఇంకా నెమ్మదించాడు. వెనక సైకిలు మీద వస్తున్న ముసలాయన దాటిపోతూ చెయ్యూపాడు.

ఇరవై మూడో నెంబరు దగ్గర హేమచంద్ర గరిటెతో సహా సిద్ధంగా ఉన్నాడు. అందరూ చుట్టూ చేరారు. శ్యామసుందరి మూత తీసింది. హేమచంద్ర గరిటె నిలబెట్టి చెయ్యి వదిలాడు. అది మర్యాదగా పక్కకి ఒరిగి అంచుకి తగిలి టంగుమంది. చుట్టూ వెన్న పూసలు తేలుతున్నాయి.

"చెల్లెమ్మా, ఉప్పుందా?" అన్నాడు హేమచంద్ర.

తన్మయి వంగి చక్రాల వెనక్కి చూసింది. షాకులు రెండూ ఆసాంతం అణిగి, ఇక దిగడానికి చోటులేక బిగుసుకుపోయి ఉన్నాయి. ఖాళీ బండి ఎత్తుకి బిగించినవి మరి. "నాన్నా, దే ఆర్ ఆల్రెడీ స్క్వాష్డ్" అంది మెల్లగా.

"ఆ గ్రైండర్ వద్దన్నానా?" అన్నాడు రాజారావు. అనలేదని అందరికీ తెలుసు.

ఆ వారమంతా ఎప్పటిలాగే ఆయన పరదా కింద టీ కాగింది. హేమచంద్ర రోజూ అందరికన్నా ముందొచ్చి రెండు కప్పులు తాగాడు. "వచ్చే ఏడు మీరు మా దగ్గరికి రండి బావగారూ. అల్లం మాత్రం మీరే తేవాలి" అన్నాడు. అది పిలుపో, పొడుపో రాజారావుకి తేలలేదు. చివరి రోజు ఇద్దరూ కలిసి ఆఫీసుకి వెళ్ళి పేరు మార్పించారు. వచ్చే ఏటికి రాజారావుకి టాయిలెట్ల వెనక చోటిచ్చారు.

పోయింది ఇరవై మూడో నెంబరు సైటు: తొమ్మిది మీటర్లకి ఏడు, అరవై మూడు చదరపు మీటర్లు. మన లెక్కలో సెంటున్నర.