కళ్యాణి మూసిన ఇంజన్

“సన్న గాస్కెట్టే వెయ్యి. మధ్యాహ్నానికి ఇంజన్ మూసేయల్ల,” అంటూ భర్త దర్శన్ తాగేసిన కాఫీ గ్లాసు కళ్యాణి చేతికిచ్చాడు. ఆ చేతిలో కొలిచే గేజీ ఉందని కూడా చూడలేదు.

బెంగళూరు కె.ఆర్.పురంలో వాళ్లకు కింద గ్యారేజీ, పైన ఇల్లు. పైన పప్పూ చపాతీలూ మామగారి మాత్రలూ చూసుకొని కళ్యాణి కిందికి దిగుతుంది. మెకానికల్ చదివి, ఎలక్ట్రానిక్ సిటీలో ఇంజన్లు పరీక్షించే ఉద్యోగం చేసేది. పెళ్లయ్యాక అత్త నాగమ్మ, “మన షాపే ఉండాది కదమ్మా, బయటోళ్లకు చేసేదేమి?” అంది. మానేసింది. ఇప్పుడు గ్యారేజీకొచ్చే రేసు కార్ల ఇంజన్లు విప్పేదీ కొలిచేదీ తిరిగి కట్టేదీ ఆమే. జీతం మాటెత్తితే, “ఇంట్లో మనిషికి జీతమేమి?” అని దర్శన్ నవ్వేవాడు.

ఆ నవ్వును ఎలాగో మింగింది గానీ, పోయిన వేసవిలో జరిగింది మాత్రం గొంతు దిగలేదు. అప్పుడూ ఆమె వద్దన్నా సన్నటి గాస్కెట్టే వేయించాడు. ఇంజన్ బ్లాకుకూ దాని మీద మూతలా కూర్చునే హెడ్డుకూ మధ్య వేసే ఆ రేకు పలచనైతే బండికి బలం పెరుగుతుంది, కానీ పిస్టన్‌కు పైన ఖాళీ తగ్గిపోతుంది. వేగం అందుకోగానే పిస్టన్ హెడ్డుకు కొట్టుకుంది. బండి ఆయన అరుస్తుంటే దర్శన్, “మా ఆవిడ కొలిచింది సార్. ఆడోళ్ల లెక్క,” అన్నాడు. మంచినీళ్ల ట్రేతో ఆమె అక్కడే నిలబడి ఉంది. నీళ్లిచ్చి మెట్లెక్కింది. దర్శన్ చెప్పుకోవడంలో, బాగా పరుగెత్తినవన్నీ దర్శన్ కట్టిన ఇంజన్లు, చెడిపోయిన ఆ ఒక్కటీ ఆమెది.

ఇప్పుడు చేతిలో ఉన్న ఈ కారు సౌమ్యది. ఆదివారం రేసులో ఆ అమ్మాయే నడుపుతుంది. బ్లాకు పైభాగాన్ని చదును చేయించడంతో పిస్టన్ అంచు దాటి వెంట్రుకంత పైకొస్తోంది. కళ్యాణి పిస్టన్ మీద మెత్తటి మైనం పెట్టి, హెడ్డు బిగించి, ఇంజన్‌ను చేత్తో తిప్పి, విప్పి, నలిగిన మైనాన్ని కోసి ఎంత ఖాళీ మిగులుతోందో కొలిచింది. సన్నది వేస్తే మళ్లీ అదే గతి.

“మందందే వేసేయమ్మా, ఏ గొడవా ఉండదు,” అన్నాడు మామ అశ్వత్థప్ప.

“అదీ కాదు మామా. ఖాళీ ఎక్కువైతే పెట్రోలు సరిగ్గా మండదు. నడిమిది సరిపోతాది.”

“నీకు భయం,” అన్నాడు దర్శన్. “సన్నది వెయ్యమంటే వెయ్యి.”

“వెయ్యను,” అంది కళ్యాణి. ఆ మాట అంత మామూలుగా వస్తుందని ఆమే అనుకోలేదు. “కావల్లంటే మీరే వేసి మూయండి. నేను మూసింది కాదని సౌమ్యకు ముందే చెప్తా.”

దర్శన్ పానాల వైపు చూశాడు. తన చేత్తో ఇంజన్ కట్టి ఏళ్లయింది. “నీ ఇష్టం. ఏమన్నా అయితే నీదే.”

బెదిరింపుగానే అన్నాడు. కానీ అది విన్నాక కళ్యాణి గుండెల మీద నుంచి ఏదో దిగిపోయినట్టయింది. నాదే. కొలతా నాదే, నిర్ణయమూ నాదే. తప్పయితే నా తప్పే అవుతుంది, ఆయన తప్పును నేను మోయక్కర్లేదు. నడిమి మందం గాస్కెట్ పరిచి, హెడ్డు దించి, బోల్టులు ఒకదాని తర్వాత ఒకటి బిగించింది.

సాయంత్రం సౌమ్య వచ్చింది. నూనె అంటని చేతులు తుడుచుకుంటూ దర్శన్, “మేము ఈసారి...” అని మొదలుపెట్టాడు.

“ఈ ఇంజన్ కట్టింది నేను,” అంది కళ్యాణి. “తేడా వస్తే నన్నే అడుగు.”

సౌమ్య స్టార్ట్ చేసింది. ఇంజన్ గొంతు సవరించుకొని నిలకడగా అందుకుంది. వేగం పెంచినా లోపల ఎక్కడా చప్పుడు లేదు.

“అక్కా, ఆదివారం మీరూ రండి. మీరుంటే ధైర్యంగా ఉంటాది.”

“ఆదివారం ఇంటికి చుట్టాలొస్తారే,” అన్నాడు దర్శన్.

“వాళ్లకేం కావల్లో మీరు చూసుకోండి,” అని చెప్పి కళ్యాణి సౌమ్య వైపు తిరిగింది. “పొద్దున ఎన్నింటికి బయల్దేరదాం?”