అరచేతంత అక్షరాలు

చూపు ఇక మెరుగుపడదని కళ్ళ డాక్టరు తేల్చేశాడు. "అక్షరాలు పెద్దవి చేసుకుని చదవండమ్మా" అన్నాడు.

ఆవిడ కోర్టులో టైపిస్టుగా పనిచేసి రిటైరైన మనిషి. సాక్షులు చెప్పిందీ జడ్జీలు రాయమన్నదీ ఇన్నేళ్ళూ టైపు చేసి, ఇప్పుడు తన కథ తాను రాసుకుంటోంది. లాప్‌టాప్‌లో అక్షరాలు పెద్దవి చేస్తే తెరమీద నాలుగు మాటలకు మించి పట్టడం లేదు.

"హాల్లో అంత టీవీ పెట్టుకుని ఈ అవస్థేంటి నానమ్మా!" అంది కాలేజీలో చదివే మనవరాలు. హెచ్‌డీఎంఐ వైరు వెతికి తెచ్చి ఒక కొస లాప్‌టాప్‌కి, ఇంకో కొస టీవీ వెనక గుచ్చింది. తెర నల్లగానే ఉండిపోయింది. రిమోట్ తీసుకుని ఇన్‌పుట్ మార్చింది. ఒక్కసారిగా తెరనిండా అక్షరాలు, ఒక్కోటీ అరచేతంత. తను రాసిన వాక్యాన్ని ఎన్నాళ్ళకో తనే చదువుకుని పెద్దావిడ కళ్ళు తుడుచుకుంది. ఆ వెంటనే వైరు పీకించి, చేత్తో తడుముకుంటూ తనంతట తానే పెట్టడం నేర్చుకుంది.

చిక్కల్లా ఒక్కటే. ఆవిడకు కనిపించేది ఇంటిల్లిపాదికీ కనిపిస్తుంది. చిన్ననాటి అల్లరి రాసినన్నాళ్ళూ కోడలు కూరలు తరుగుతూ చదివి నవ్వుకుంది. తర్వాత కథ పెళ్ళి దాటి ఉద్యోగంలోకి వచ్చింది.

ఒక ఆదివారం ఆవిడ బావగారు, అంటే పోయిన భర్తకు అన్నగారు, భోజనానికి వచ్చాడు. సోఫాలో కూర్చుని అలవాటుగా టీవీ వైపు చూశాడు.

"ప్రమోషన్ మీద పెద్ద కోర్టుకు వెళ్ళమని నాకు కాగితం వచ్చింది. నాతో ఒక్క మాటైనా అనకుండా మా బావగారు ఆఫీసుకు వెళ్ళి, మా ఇంటి ఆడవాళ్ళు రారు అని చెప్పి వచ్చారు. మా ఆయన తలొంచుకుని ఊరుకున్నారు."

"ఏమిటిది?" ఆయన గొంతు లేచింది.

కొడుకు ఒక్క అంగలో వచ్చి వైరు పీకేశాడు. "నలుగురూ వచ్చిపోయే చోట ఈ రాతలేంటమ్మా? పరువు పోతుంది."

"ఎవరిది?" అంటూ ఆవిడ లేచింది. టీవీ వెనక తడిమి వైరు మళ్ళీ పెట్టేసింది. అక్షరాలు వచ్చి నిలబడ్డాయి.

"అదంతా అబద్ధం!" అన్నాడు పెద్దాయన.

ఆవిడ వేళ్ళు కదిలాయి. తెరమీద పడింది: అదంతా అబద్ధం.

"ఏం చేస్తున్నావమ్మా నువ్వు?"

"మీరన్నది రాస్తున్నాను బావగారూ. నా మాటొక్కటే ఉంటే ఏం బాగుంటుంది? కానివ్వండి, ఏం జరిగిందో మీరే చెప్పండి."

"నీ మంచికే చెప్పాను. ఆడది ఒంటరిగా అంత దూరం..." తన మాటలు అంతేసి అక్షరాల్లో ఒకదాని వెనక ఒకటి దిగుతుంటే ఆయన సోఫాలోంచి లేచాడు. "ఆ ముక్క తీసెయ్" అన్నాడు.

"తియ్యను. అన్నారుగా."

ఆయన అన్నం ముట్టకుండానే చెప్పులేసుకున్నాడు. కొడుకు వీధి చివరిదాకా వెంటపడి బతిమాలాడు. కోడలు మాత్రం గరిటె పట్టుకునే వచ్చి సోఫాలో కూర్చుంది. "తర్వాతేమైంది అత్తయ్యా?"

"మర్నాడు నేనే వెళ్ళి, నేను వస్తానని చెప్పాను. అప్పటికే ఇంకొకరికి ఇచ్చేశారు. ఆ ముక్కా రాస్తాను, ఉండు."

ఆ వారంలోనే కొడుకు ఒక మానిటర్ కొనుక్కొచ్చాడు. "నీ గదిలో పెడతానమ్మా. తలుపేసుకుని ఎంతైనా రాసుకో."

"తలుపులేసుకున్నది చాల్లేరా. అది నీ గదిలో పెట్టుకుని మ్యాచ్‌లు చూసుకో."

కొడుకు గొణుక్కుంటూ కిటికీ వైపు చూశాడు. పక్కింటావిడ బట్టలు ఆరేస్తూ, తడి చీర చేతిలోనే పట్టుకుని టీవీలోది చదువుతోంది. గభాలున వెళ్ళి కర్టెన్ లాగబోయాడు.

"ఉండనీ" అంది తల్లి, తెరమీంచి తల తిప్పకుండానే. "ఆవిడకి ఇంకా సగం పేజీ ఉంది."