గంట ముందే చేపిన ఆవు

మా పక్కింటి వసిల్కా అంటే నాకు ఒళ్లుమంట. దాచడం దేనికి? మార్చి చివరి ఆదివారం బల్గేరియా అంతా గడియారాలను గంట ముందుకు తిప్పుతుంది. పాల లారీ ఆ కొత్త ఏడింటికే వస్తుంది, ఎవరి కోసమూ ఆగదు. ఈ సంగతి ఆవుకు ఎవరు చెబుతారు? వసిల్కా వారం ముందునుంచే రోజుకు పది నిమిషాల చొప్పున ముందుగా పితుకుతూ తన ఆవులను అలవాటు చేస్తుంది. నేను చేయను. ఆమె చేసేది నేనెందుకు చేయాలి?

ఆ ఆదివారం కొత్త ఆరింటికి మా ఆవు బెల్కా దగ్గర కూర్చున్నాను. దానికింకా ఐదే. గంగడోలు నిమిరాను, తిట్టాను, మేత వేశాను. పాలు చేపలేదు. పైగా బకెట్టును తన్నింది.

మా ఆయన కామెన్ కొట్టం గుమ్మంలో నిలబడి, "వసిల్కాను పిలవనా?" అన్నాడు.

"ఏం, దానికి మంత్రాలొచ్చా?"

"లారీ పోతుంది జ్ద్రావ్కా. ఈ నెల రెండుసార్లు తప్పాం. మూడోసారి తప్పితే మన వాకిట్లో ఆపనన్నాడు డ్రైవరు."

నేను ఊ అనకముందే వెళ్లి పిలుచుకొచ్చాడు.

ఆమె గుమ్మం దాటకముందే బెల్కా తల తిప్పి అంబా అంది. ఆమె నా పీటను అవతలి పక్కకు జరుపుకుని కూర్చుంది. రెండు నిమిషాల్లో పాలు ధార కట్టాయి. ఎనిమిదేళ్లు నేను పెంచిన ఆవు. నాకు ఏడుపొచ్చింది. ఆమె జుట్టు పట్టుకుని బయటికి ఈడ్చాలనిపించింది.

"ఏం చేశావే దీన్ని?"

"ఏం లేదక్కా. దీనికి నా చెయ్యి అలవాటేగా," అని నాలుక కరుచుకుంది.

"ఎప్పటినుంచి?"

కామెన్ నసిగాడు. "జనవరిలో నువ్వు ఆస్పత్రిలో ఉన్నప్పుడు... నాకు చేతకాలేదు."

"రోజూ నేనే పితుకుతున్నా అన్నావు కదా ఫోన్లో?"

"నిజం చెబితే ఊరుకుంటావా నువ్వు? మంచం మీంచి లేచొచ్చేదానివి."

అదీ నిజమే. చేతకానివాడు పక్కింటివాళ్లను పిలవక ఏం చేస్తాడని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. లారీకి పాలు పోశాక, మర్యాద కోసం ఆమెను వంటింట్లోకి రమ్మన్నాను. కామెన్ కాఫీ కాచాడు. పెళ్లయిన ఇరవై రెండేళ్లుగా నా కప్పులో చక్కెర ఎంత వేయాలో ప్రతిసారీ అడిగే మనిషి, ఆమె కప్పులో అడక్కుండానే మూడు చెంచాలు వేసి, కలిపి, పిడి ఆమె వైపుకు తిప్పి పెట్టాడు.