చావని బాక్టీరియా

చావాల్సినవి బతికాయి. నా పిహెచ్‌డి అంతా ఆ రెండు మాటల మీదే నిలబడింది, అందుకే నాకు ముద్ద దిగడం లేదు.

మధురవాడలో మా కాలేజీ ల్యాబులో నాలుగేళ్లుగా నా పని బాక్టీరియాను చంపడం. డీఎన్ఏ అంటే రెండు పోగులు. సోరాలెన్ అనే మందు కలిపి అతినీలలోహిత కాంతి పడేస్తే, ఆ రెండూ ఒకదానికొకటి అతుక్కుపోతాయి. ఎదురెదురు పేజీలు జిగురుతో అంటుకున్నట్టే, విడదీస్తే రెండు వైపులా అక్షరాలు పోతాయి. కానీ బాక్టీరియా గడుసుది. అతుకు పక్కన కత్తిరించి, లోపలే ఉన్న రెండో డీఎన్ఏ ప్రతి నుంచి పోగు తెచ్చుకుని, పోయిన ముక్క పూరించుకుంటుంది. ఆ పనికి రెక్‌ఏ అనే ప్రోటీన్ ఉండి తీరాలి. అది లేనివి చచ్చి ఊరుకోవాలి.

నావి రెక్‌ఏ లేనివే. అయినా చావలేదు. నాలుగుసార్లు చేసినా, వాటిని పెంచే గాజు పళ్లెం నిండా సగ్గుబియ్యంలా బాక్టీరియా కాలనీలే.

మా గైడు నరసింహమూర్తి గారి కాళ్లు నేల మీద నిలవలేదు. "రెక్‌ఏ లేకుండా బాగుచేసుకునే కొత్త దారి దొరికిందమ్మా పుష్పా! శుక్రవారం జర్నల్‌కి పేపరు పంపేద్దాం. డిసెంబరు గడువులోపు ఒడ్డున పడతావు."

గడువు దాటితే నా రిజిస్ట్రేషన్ రద్దు. సంతోషించాల్సింది పోయి, నాకు అనుమానం పట్టుకుంది. బాక్టీరియాకి నా మీద అంత దయ ఎందుకు?

బుధవారం నోటుపుస్తకం మళ్లీ తిరగేశాను. ఆగస్టులో చేసినవన్నీ చచ్చాయి. బతికినవన్నీ దసరా తర్వాతివే. మధ్యలో ఏం మారిందని ఒక్కో రోజూ గుర్తుచేసుకున్నాను. ఆయుధపూజ!

ఆ రోజు మిషన్లన్నిటికీ బొట్లు పెట్టాం. ల్యాబు ఊడ్చే నూకాలు పసుపు కలిపి తెచ్చింది. నా డిగ్రీ ఈ అతినీలలోహిత లైటు చేతిలోనే ఉందని, దాన్ని బల్ల మీద వెల్లకిలా పెట్టి, గాజు నిండా నేనే భక్తిగా పూశాను. మళ్లీ బోర్లా బిగించేశాను. వెలిగే లైటును కళ్లకు దెబ్బని ఎవరూ చూడరు. కాంతిని కొలిచే మీటరు పాడై మూడు నెలలు.

స్విచ్ ఆపి, వంగి కింద నుంచి చూశాను. గాజు పచ్చగా ఉంది.

తడిగుడ్డతో తుడుస్తుంటే నూకాలు వచ్చింది. "ఏటి సేత్తన్నావ్ పుష్పమ్మా? పూజ పసుపు తుడిసీసినావేటి?"

"ఈ పసుపే కొంప ముంచింది పిన్నీ. లైటు కిందకి పడనేదు. అవి బాగుసేసుకోడానికసలు దెబ్బే తగల్నేదు."

ఆమె గుమ్మం వైపు చూసి గొంతు తగ్గించింది. "నాను సెప్పను. నువ్వూ సెప్పకు. ఎవులికి తెలుత్తాది? నీ సదువేటైపోద్ది?"

నేను తుడుస్తూనే ఉన్నాను. నిజం చెప్పాలంటే, ఆ మాట నాకంతకు ముందే తోచింది. సిగ్గేసింది.

అవే బాక్టీరియాతో ప్రయోగం మళ్లీ చేశాను. ఒక్క కాలనీ అయినా రావాలని దేవుడికి మొక్కుకున్నాను. శుక్రవారం పొద్దున్న మూత తీస్తే పళ్లెం కడిగినట్టుంది.

దాన్ని పట్టుకుని సారు గదికి వెళ్లాను. లైటుకంటిన పసుపు సంగతి ఒక్క ఊపిరిలో చెప్పేశాను. ఆయన పళ్లేన్ని వెలుతురుకి పెట్టి చూశారు.

"పేపరు రాత్రే పంపేశానమ్మా," అన్నారు. "ఒక రోజు ముందే."

ఆయన పళ్లెం బల్ల మీద పెట్టారు.

"ఆ పసుపు పూసిందెవరు? నూకాలేనా?"

ఔననడం ఎంత తేలికో! తల ఊపితే చాలు. సాయంత్రానికల్లా ఆమె పని ఊడుతుంది, నా మీద జాలి మిగులుతుంది.

"నేనేనండీ."

ఆయన కళ్లద్దాలు తీసి, ల్యాప్‌టాప్ నా వైపు తిప్పారు. "అయితే వెనక్కి తీసుకుంటున్నామని నువ్వే రాయి. పేపరు మీద మొదటి పేరు నీదే. గడువు పొడిగించమని నేను అడుగుతాను. ఇస్తారని మాత్రం చెప్పలేను."

కుర్చీలో కూర్చున్నాను. కారణం అన్నచోట వేళ్లు ఆగిపోయాయి. ఆ ఒక్క వాక్యానికి పావుగంట పట్టింది. సారు ఒక్కసారి కూడా తొందరపెట్టలేదు.