ఇంగ్లీషులో వెళ్ళిన హెచ్చరిక

గోదావరి ఇంకా పెరుగుతుందని తెలియగానే భద్రాచలంలోని ఒక స్వచ్ఛంద సంస్థ వాళ్ళు హెచ్చరిక పంపేశారు. ఒడ్డు గ్రామాల ఫోన్లన్నిటికీ మెసేజ్ వెళ్ళింది. ఖమ్మంలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో కూర్చున్న సుజన, స్క్రీన్ మీద నంబర్ల పక్కన ‘చేరింది’ అని పడుతుంటే చూసి ఊపిరి పీల్చుకుంది. దమ్మపేట రైతుబిడ్డ ఆమె. ఈ హెచ్చరికలు పంపే సంస్థ వెబ్‌సైటును జావా అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసింది తనే. ఎవరు ఏ భాష కోరుకుంటే వాళ్ళకు ఆ భాషలోనే హెచ్చరిక అందాలి. అసలు ఆ సైటు పెట్టిందే అందుకు.

అంతలో హేమ్లా ఫోన్ చేశాడు. సారపాక మిల్లులో కాంట్రాక్టు పని చేసే కోయ యువకుడతను. సైటులోని మాటలను కోయభాషలోకి మార్చి ఇస్తున్నది అతనే.

“మేడం, మెసేజ్ ఇంగ్లీష్‌ల వచ్చిందేంది?”

“ఇంగ్లీషా? కోయ అనువాదం పూర్తయ్యేదాకా మీకు తెలుగులో రావాలి కదన్నా!”

“నాకైతే ఇంగ్లీషే వచ్చింది. మా ఊర్ల అందరం కోయనే పెట్టుకున్నం. అమ్మకు గూడ గిదే పోయుంటది. ఇంగ్లీష్ ఎవరు చదువుతరు మేడం ఆడ?”

సుజనకు ఎక్కడ తప్పిందో వెంటనే అర్థమైంది. అడిగిన భాషలో మాటలున్న ఫైలు దొరక్కపోతే, ప్రోగ్రాం తాను నడుస్తున్న కంప్యూటర్‌లో ఏ భాష పెట్టి ఉందో చూసి అదే వాడుకుంటుంది. సుజన లాప్‌టాప్ తెలుగులో ఉంది కాబట్టి ఎన్నిసార్లు పరీక్షించినా తెలుగే వచ్చింది. ఈమధ్య సైటును కొత్త సర్వర్‌కు మార్చారు. దాని భాష అమెరికా ఇంగ్లీషు. మార్చాక కోయ పెట్టుకున్న నంబరుతో ఆమె ఒక్కసారి కూడా పంపి చూడలేదు.

“అన్నా, ముందు ఊళ్ళోవాళ్ళకి ఫోన్లు చెయ్యండి. నేను ఇప్పుడే సరిచేసి మళ్ళీ పంపిస్తా.”

“చేస్తనే ఉన్న. ఎవరిదీ కలుస్తలేదు.”

దొరక్కపోతే తెలుగే తీసుకోవాలని కోడ్‌లో రాయడం పెద్ద పని కాదు. కానీ కంగారులో ఒక అక్షరం తప్పు కొట్టింది. ప్రోగ్రాం ఆగిపోయింది. సరిచేసి సర్వర్‌కు ఎక్కిస్తుంటే నెట్ నత్తలా కదిలింది. “కావే, జల్దీ కావే” అని స్క్రీన్‌ను బతిమాలుకుంది. పక్క బల్ల దగ్గర ఆమె బాస్ అనిల్‌కుమార్ హేమ్లా ఊరి నంబర్లకు ఒకదాని తర్వాత ఒకదానికి ఫోన్ చేస్తూ తల అడ్డంగా ఊపుతున్నాడు.

చివరికి మెసేజ్ వెళ్ళింది. హేమ్లా ఫోన్లో తెలుగులో పడింది. ఊరి నంబర్లన్నిటి పక్కనా మాత్రం ‘చేరలేదు’.

“టవర్ పోయినట్టుంది సుజనా,” అన్నాడు అనిల్‌కుమార్.

టవర్ బతికి ఉన్నంతసేపూ వాళ్ళకు చేరింది ఆ ఇంగ్లీషు ముక్క ఒక్కటే. సుజన అదే మెసేజ్‌ను మళ్ళీ పంపింది. మళ్ళీ పంపింది. ఇక లాభం లేదని తెలిసీ పంపుతూనే ఉంది.

హేమ్లా బండి మీద ఊరికి బయలుదేరాడు. వాగు కల్వర్టు మీదుగా పారుతుంటే ఇవతల, సిగ్నల్ ఇంకా అందుతున్న చోటే ఆగిపోయాడు. “అవతల మా ఇండ్లు కనవడ్తున్నయి మేడం. నీళ్ళు అరుగుల మీదికొచ్చినయి,” అంటూ ఫోన్లోనే ఏడ్చాడు. సంస్థ వాళ్ళు ఎక్కడెక్కడో తిరుగుతున్న పడవలను అటు మళ్ళించమని అధికారుల కాళ్ళావేళ్ళా పడ్డారు.

చీకటి పడేలోపు ఊళ్ళో చాలామంది నీళ్ళు చూసి వాళ్ళంతట వాళ్ళే గుట్టెక్కారని తెలిసింది. వాళ్ళలో హేమ్లా తల్లి ఎర్రమ్మ లేదు. మేకల్ని విప్పడానికి వెనక్కి వెళ్ళిందట. మర్నాడు పడవవాళ్ళు ఆమెను బడి స్లాబు మీద చూశారు. రాత్రంతా వానలో తడిసి, మాట పడిపోయి, ఒళ్ళు కాలిపోతూ ఉంది. మేకలు ఒక్కటీ మిగల్లేదు.

దారులు తెరుచుకోగానే సుజన భద్రాచలం దవాఖానాకు వెళ్ళింది. వార్డు బయట హేమ్లాకు జరిగింది జరిగినట్టు చెప్పింది. “తప్పు నాదే అన్నా.”

అతను ఫర్వాలేదనలేదు. “అమ్మకు నిన్నటి సంది మాట వస్తుంది. తప్పు తనదే అనుకుంటుంది,” అన్నాడు.

లోపల ఎర్రమ్మ, మంచం పక్క స్టూలు మీద కూర్చున్న సుజన చెయ్యి పట్టుకుంది. గొంతు ఇంకా పూర్తిగా రాలేదు.

“ఫోన్ మోగింది బిడ్డా. పక్కింటి పిల్లకు చూపిచ్చిన. ఇంగ్లీష్‌ల ఉంది, రీచార్జ్‌ది కావచ్చన్నది. ఇంకెవలికన్న చూపియ్యకపోతిని. నాకు సదువు రాకపాయె, గందుకే గిట్లయింది.”

“కాదమ్మా. మీకు చదువు రాక కాదు. మీకు తెలుగులో రావాల్సింది. నేను సరిగా చూడకుండా ఇంగ్లీషులో పంపించా.”

ఎర్రమ్మ కొడుకు ముఖంలోకి చూసింది. అతను అవునన్నట్టు తలూపి, కోయలో ఏదో నెమ్మదిగా చెప్పాడు. ఆమె పట్టుకున్న చెయ్యి వదిలేసి, గోడవైపు తిరిగి పడుకుంది. సుజన మాత్రం స్టూలు మీంచి లేవలేదు.