నాలుగో అర

ఐసా గెమ్మెల్ పళ్లెంలోని ముక్క మూల కోసి నోట్లో పెట్టుకుంది. కళ్లు మూసుకుని పన్నెండుసార్లు నమిలింది. అంతా పద్ధతి ప్రకారమే చేసింది. నోట్లో ఉన్నది వేడిగా, మెత్తగా ఉందని తెలిసింది. అంతకుమించి ఏమీ తెలియలేదు. తడిసిన అట్టముక్క నమిలినా ఆమాత్రం తెలిసేది.

ఐదు చెక్క అరలు, మధ్య ప్లైవుడ్ అడ్డులు, ఒక్కో అరలో ఒక్కో మనిషి. రంగు చూసి ఎవరూ మోసపోకూడదని నెత్తిన ఎర్రదీపం. మాటలు నిషేధం. ఎదురుగా ఉన్న చిన్న తలుపులోంచి పళ్లెం వస్తుంది. అందులో చదరంగా కోసి వేయించిన, మసాలా కలిపిన మాంసపు సాసేజీ ముక్క, ఉప్పులేని బిస్కెట్టు, గ్లాసుడు నీళ్లు. తిని పదికి ఎన్నో కాగితం మీద వేయాలి. సగటున ఆరొస్తే ఆ విడత సరుకు సూపర్ మార్కెట్టుకు పోతుంది. రాకపోతే కుక్కల తిండి చేసేవాళ్లు పట్టుకుపోతారు.

ఐసా పెన్సిలు పట్టుకుని ఆగింది. ఎడమపక్క అడ్డు మీద ఫోర్కు పిడి చప్పుడు, తీరిగ్గా, ఆరుసార్లు. ఆమె ఆరు వేసి పెన్సిలు బల్లమీద పడేసింది. ఆ చప్పుడు విన్నాక పక్క అరలో బిస్కెట్టు కొరికిన శబ్దం వచ్చింది.

ఫిబ్రవరిలో ఆమెకు జ్వరం వచ్చింది. జ్వరం పోయింది, జలుబు పోయింది, వాటితోపాటు రుచీ పోయింది. "వస్తే వస్తుంది, లేకపోతే లేదు" అన్నాడు డాక్టరు. ఆ మాట చెప్పడానికి అంత చదువెందుకో ఆమెకు అర్థం కాలేదు. మళ్లీ పనిలోకి వచ్చిన రోజు పళ్లెం చల్లారేదాకా ఖాళీ కాగితం ముందు కూర్చుంది. అప్పుడు మొదటిసారి ఆ ఫోర్కు చప్పుడు వినిపించింది. మూడో అరలో కూర్చునేది శాండీ డనచీ. ఎనిమిది నెలలైంది. ఆ సంగతి ఇద్దరూ ఒక్కనాడూ నోరెత్తి మాట్లాడుకోలేదు.

చెప్పేసి మానుకోవచ్చు కదా అంటే, అదంత సులువు కాదు. పదహారో ఏట కిల్‌మార్నక్ ఊరి చివరున్న ఈ ఫ్యాక్టరీలోనే ముక్కలు కోసే మిషను దగ్గర చేరింది. ఇంట్లో పరదాల రంగు నుంచి ఓటు దాకా మొగుడు బిల్లీ మాటే చెల్లింది. బిల్లీ మంచివాడే. ఆమెను అడగాలని తోచేది కాదు, అంతే. ఒకరోజు క్యాంటీనులో ఆమె పళ్లెం వెనక్కి తోసి, "తెల్ల మిరియాలు రెండుసార్లు పడ్డాయి" అంది. వెళ్లి చూస్తే నిజంగానే రెండుసార్లు పడ్డాయి. ఆ నెలే ఆమెను ఈ నాలుగో అరలో కూర్చోబెట్టారు. లోకంలో ఐసా గెమ్మెల్ అభిప్రాయం అడిగి, కాగితం మీద రాయించుకుని, దాచిపెట్టుకున్నది ఈ ఒక్క చోటే. ఇరవైమూడేళ్లలో ఆమె ఎవరికీ పది వేయలేదు. తొమ్మిది ఒక్కసారి వేసి, ఆ రాత్రంతా బాధపడింది.

ఫ్యాక్టరీ ప్లాస్టిక్ ఫోర్కు రుచి చెడగొడుతుందని వాళ్లమ్మ ఫోర్కు ఇంటి నుంచి తెచ్చుకుంది. దాని ముళ్లలో ఒకటి పక్కకు వంగి ఉంటుంది. రుచి పోయాక కూడా దాన్నే వాడుతోంది.

టీ వేళకు శాండీ కాగితపు సంచీ ఆమె ముందుకు తోశాడు. డెబ్బై దాటినవాడు, సన్నటి మనిషి, మెడ చుట్టూ ఎప్పుడూ ఊలు మఫ్లరే.

"ఇదిగో ముసలిదానా, నీ బొగ్గు. బేకరీలో ఇంతకంటే మాడింది లేదట."

"నీ మొహం చూసి మాడ్చుంటాడు."

పైన నల్లగా మాడిన రొట్టె. తొమ్మిదేళ్ల కిందట బిల్లీ పోయిన మర్నాటి నుంచి శాండీ రోజూ తెస్తున్నాడు. ఎందుకని ఆమె అడగలేదు. అతనూ చెప్పలేదు.

"పొద్దుటి దాంట్లో ధనియాలు తగ్గాయి," అన్నాడు శాండీ, టీలోకి చూస్తూ.

"నాకూ అనిపించింది," అంది ఐసా.

"అనిపిస్తుందిలే, నీకు అనిపించకపోతే ఎవరికనిపిస్తుంది!"

పక్క బల్ల వాళ్లు వినేటట్టు కాస్త గట్టిగానే అన్నాడు.

"ఇంటి దగ్గర కూర్చోవచ్చుగా ఈ వయసులో," అంది ఆమె మాట మార్చి.

"ఇంట్లో ఏముంది? గోడగడియారం ఒకటి. అదీ మాట్లాడదు."

టీ అయ్యాక ఐసాను ఆఫీసులోకి పిలిచింది కర్స్టీ. మార్కులన్నీ చూసేది ఆ అమ్మాయే. ఇరవయ్యెనిమిదేళ్లుంటాయి. తాను మాంసం ముట్టదు.

"కూర్చోండి ఐసా. శుక్రవారంతో శాండీని ఆపేస్తున్నాం. ఆయనకింకా చెప్పలేదు."

"ఎందుకమ్మలూ?"

"నాలుక పోయింది పాపం. చూడండి, మీరు ఆరంటే ఆయన ఐదు. మీరు ఏడంటే ఆయన ఆరు. ఫిబ్రవరి నుంచి ఒక్కరోజు తప్పలేదు. మిగతా ముగ్గురూ ఇంచుమించు మీ మార్కే వేస్తున్నారు. మీ నాలుక మాత్రం బంగారం."

ఐసా ఆ కాగితాలు దగ్గరకు లాక్కుంది. ఫిబ్రవరి ముందు శాండీ అంకెలు మిగతా నలుగురివాటితో కలిసిమెలిసి ఉన్నాయి. ఆ తర్వాత అన్నీ ఒకటి తక్కువ. ఇద్దరిదీ ఎప్పుడూ ఒకటే అయితే ఎవరికైనా అనుమానం వస్తుంది. అందుకని సరైన అంకె ఆమెకిచ్చి, తప్పు అంకె తను వేసుకున్నాడు. ముసలి వెధవ, అనుకుంది. కోపమొచ్చింది. ఆ కోపం శాండీ మీద కాదని వెంటనే తెలిసింది.

పింఛనుకు ఆమెకు ఇంకో ఏడాది ఉంది. వచ్చేవాటిలో సగానికి సగం ఆరే. చప్పుడు లేకపోయినా అన్నిటికీ ఆరు వేసుకుంటూ పోతే ఏడాది గడిచిపోతుంది. ఐసా ఆ సంగతి కూడా ఆలోచించింది. ఆలోచించలేదంటే అబద్ధం.

"ఆ కిటికీలో ఉన్న శాంపిలు ఉప్పు డబ్బా ఇటివ్వు," అంది.

కర్స్టీ తాగకుండా వదిలేసిన టీలో మూడు చెంచాల ఉప్పు కలిపి, గుటకలు వేస్తూ మొత్తం తాగేసింది. కప్పు కింద పెట్టి మూతి తుడుచుకుంది.

"చూశావుగా. నాలుక పోయింది నాది. ఫిబ్రవరిలోనే పోయింది."

"మరి మీ మార్కులు..."

"శాండీవి. ఆలోచిస్తున్నప్పుడు అతని చెయ్యి ఊరుకోదు, ఫోర్కుతో కొడుతూ ఉంటాడు. నేను విని దొంగతనంగా వేసుకున్నా. అతనికేం తెలీదు."

"ఏడు కొట్టి ఆరు వేస్తాడా?"

"ఈ ఊళ్లో మగాడు ఏ మంచినైనా ఒకటి తగ్గించే ఒప్పుకుంటాడు. తెలీదా నీకు?"

కర్స్టీ ఆ ఇద్దరి అంకెల వరుసల మీదా వేలు నడిపింది. తర్వాత ఫైలు మూసింది.

"సరే, ఇకమీదట ఒకటి కలిపి వేయమంటాను ఆయన్ని," అంది మెల్లగా. "సాయంత్రం దాకా అయినా ఉండండి. అందరికీ చెప్పి వెళ్దురుగాని."

"వద్దమ్మలూ. నా రొట్టె మిగిలుంది, బస్సులో తింటా."

తెల్లకోటు మడిచి కుర్చీ మీద పెట్టింది. బట్టలు మార్చుకునే గదిలో తన కోటు తీసుకుని నడవలోకి వచ్చేసరికి మధ్యాహ్నం పళ్లేలు వెళ్లిపోయాయి. వేయించేవాడికి ఇంకా ఎవరూ చెప్పినట్టు లేదు, ఐదూ పంపాడు. ఐసా గుండీలు పెట్టుకుంటుంటే అరల గది తలుపు అవతల చప్పుడు మొదలైంది. ఒక్కో చప్పుడుకు ఒక్కో గుండీ పెట్టింది. కోటుకు ఆరే గుండీలు. ఏడో చప్పుడుకు చెయ్యి ఊరికే మెడ దగ్గర ఆగింది.

ఏడు. అంటే ధనియాలు సరిచేశారన్నమాట.

పెన్సిలు పడ్డ చప్పుడు రాలేదు. కాసేపాగి శాండీ మళ్లీ కొట్టాడు, ఈసారి ఇంకా నెమ్మదిగా, చెవిటివాళ్లకు చెప్పినట్టు, ఏడూ విడివిడిగా. ఐసాకు ఏడుపొచ్చింది. లోపలికి వెళ్లలేదు. గట్టిగా ముక్కు చీదుకుని బస్సుకోసం బయల్దేరింది.

పెనంలో పొంగకుండా చదరపు ముక్క మధ్య బొటనవేలితో నొక్కడం అక్కడి వాళ్లందరికీ అలవాటే. నాలుగో అరలో, ఎర్రదీపం కింద, ఆ గుంటలో కొవ్వు తెల్లగా గడ్డకడుతోంది. పళ్లెం పక్కన ముల్లు వంగిన ఫోర్కు, పొద్దున ఐసా తుడిచి పెట్టింది పెట్టినట్టే ఉంది.