ఆరో వారం రావలసిన మనిషి

తడి దుప్పట్ల బకెట్టు పట్టుకుని డాబా మీదికి వెళ్తూ ఆమె రెండో అంతస్తు మలుపు దగ్గర ఆగింది. కావాలని ఆగలేదు, కాళ్లే ఆగిపోయాయి. గుండెల మీద ఎవరో మోకాలు పెట్టి నొక్కుతున్నట్టు బరువు. ఎడమ చెయ్యి లాగుతోందా? బకెట్టు ఆ చేత్తోనే మోసింది, లాగదా మరి? అయినా మనసు ఊరుకోదు. ఇక్కడే పడిపోతే ముందు చూసేది కాలేజీ నుంచి వచ్చే కూతురే, ఆ పిల్ల ఒక్కతీ ఏం చేస్తుంది అంటూ చాలా దూరం పోయింది.

ఇంట్లో ఆమెకు 'భయాలమ్మ' అని పేరు. పెట్టింది మొగుడు, చాటింపు వేసింది అత్తగారు. కూతురు రెండుసార్లు దగ్గితే క్షయ అనుకుంటుంది, గ్యాసు వాసన తగిలితే ఇల్లు లేచిపోతుందనుకుంటుంది, నిజమే. ఆ భయం వల్లే కదా అత్తగారి షుగరు మాత్ర పద్దెనిమిదేళ్లలో ఒక్క పూట తప్పలేదు? అప్పుడు దాన్ని జాగ్రత్త అన్నారు. తన ఒంటి గురించి భయపడినప్పుడే అది పిచ్చి అయింది.

తొమ్మిది వారాల కిందట న్యుమోనియాతో ఆరు రోజులు ఆసుపత్రిలో ఉంది. ఇంటికి పంపే రోజు డాక్టరమ్మ మంచం అంచున కూర్చుని విడమరిచి చెప్పింది. ఊపిరితిత్తుల్లో జబ్బు తగ్గినా, దానితో పోరాడినప్పుడు ఒంట్లో రగిలిన మంట అంత త్వరగా చల్లారదట. లోలోపల సన్నగా రాజుకుంటూ రక్తనాళాలను దెబ్బతీస్తుందట, నెత్తురు తేలిగ్గా గడ్డకట్టేలా చేస్తుందట. గుండెపోటు ప్రమాదం మొదటి నెలలో బాగా ఎక్కువట. తర్వాత తగ్గుతూ వచ్చినా కొన్నేళ్లదాకా మిగతావాళ్లకన్నా ఎక్కువేనట. “అందరికీ వస్తుందని కాదమ్మా. నీకు బీపీ కూడా ఉంది. ఆరో వారం వచ్చి గుండె చూపించుకో. ఈలోగా బరువులెత్తకు” అంది.

భర్త పక్కనే నిలబడి తల ఊపాడు. ఇంటికొచ్చాక, ఊపిరితిత్తుల జ్వరానికి గుండె చూపించుకోవాలట, రేపు మోకాలు నొప్పంటే కళ్లు చూపించమంటారు కాబోలు అని తల్లికి చెప్పాడు. నవ్వీ నవ్వీ అత్తగారికి పొలమారింది. ఆవిడకు మంచినీళ్లు అందించింది కూడా ఈమే. నాలుగో రోజుకల్లా తను పనిచేసే రెడీమేడ్ బట్టల యూనిట్లో ఇస్త్రీ బల్ల ముందు నిలబడింది. ఆయాసంగా ఉంది, కొన్నాళ్లు గుండీలు కుట్టే పని ఇమ్మంటే సూపర్‌వైజరు, ఆవిరి పీలిస్తే ఊపిరితిత్తులకు మంచిదేలే అన్నాడు.

ఆరో వారం వచ్చిందీ పోయిందీ. ఆసుపత్రిలో ఇచ్చింది భర్త నంబరే కాబట్టి, ఫోను వచ్చిందా అని అతన్నే అడిగింది. వాళ్లే ఫోను చేస్తారన్నాడు. మళ్లీ అడిగితే, కాస్త కుదురుగా ఉండమన్నాడు.

ఈ రోజు మెట్ల మీదే కూర్చుని, మందుల చీటీ మీది ఆసుపత్రి నంబరుకు తనే ఫోను చేసింది. అవతలి అమ్మాయి వెతికి చూసి, “మూడు వారాల కిందట శనివారం మీకు రాసి ఉందమ్మా. ముందురోజు చేస్తే మీవారు ఎత్తారు. మనిషి బాగానే ఉంది, అక్కర్లేదన్నారు. తీసేశాం” అంది.

శనివారం. ఆడపడుచు కుటుంబమంతా భోజనానికి వచ్చిన శనివారం. పదకొండు మందికి వండింది. నిలబడలేక స్టూలు లాక్కుని పొయ్యి ముందు కూర్చుని వండింది. మా భయాలమ్మ ఎన్ని చేసిందో చూడండి, దీనికి జబ్బంటే ఎవరన్నా నమ్ముతారా అని మొగుడు అందరిలో అంటే, మెచ్చుకున్నాడనుకుని తను నవ్వింది కూడా. ఆ నవ్వు గుర్తొచ్చి ఒళ్లు మండిపోయింది. తన గుండె పరీక్షను తనకు చెప్పకుండా తీసేయించాడు, కూరలో కరివేపాకు తీసేసినట్టు. ఒక పూట వంట కోసం. ఇన్నాళ్లూ ఎవరెవరికో ఏమేమో అవుతుందని వణికింది గానీ, పక్కనున్న మనిషి ఇంత పని చేస్తాడన్న భయం ఒక్కటీ ఎప్పుడూ కలగలేదు.

ఇప్పుడెలా ఉందని ఆ అమ్మాయి అడిగింది. ఉన్నది ఉన్నట్టు చెప్పింది. అయితే వెంటనే ఎమర్జెన్సీకి రమ్మని, మెట్లు ఎక్కవద్దని, ఒంటరిగా రావద్దని ఆ అమ్మాయి తొందరపెట్టింది. ఇకమీదట ఏం చెప్పాలన్నా తన ఈ నంబరుకే చెయ్యమని చెప్పి ఆమె ఫోను పెట్టేసింది. పక్కింటి టీచరమ్మకు ఫోను చేస్తే, ఆవిడ ఆటో పిలుస్తానంటూ చెప్పులేసుకుని బయటికొచ్చింది.

గోడ పట్టుకుని మెల్లగా మొదటి అంతస్తుకు దిగి తమ వాకిట్లో నిలబడింది. భర్త టీవీ ముందు ఉన్నాడు. శనివారం సంగతి అడిగితే దాచలేదు కూడా.

“ఆ రోజు అక్కావాళ్లు వస్తుంటే నువ్వు ఆసుపత్రికి పోయి కూర్చుంటే ఎవరు చేస్తారు? ఇప్పుడేమైంది, బాగానే ఉన్నావుగా.”

అన్నాలయ్యాక వెళ్లవచ్చు కదా అని అత్తగారు లోపల్నుంచి అంది. కిందనుంచి ఆటో హారన్ వినబడింది. టీచరమ్మ ఆమె మోచెయ్యి పట్టుకుంది. అప్పుడు అతను విసుగ్గా లేచి చొక్కా కోసం వెతుక్కున్నాడు.

“ఆగు, నేనూ వస్తా. అక్కడ ఏం చెప్పాలో నీకు తెలీదు.”

“మీరు రావద్దు” అందామె. “వస్తే, అక్కడ కూడా నేను బాగానే ఉన్నానని చెప్తారు.”